ఎప్పుడు విరిగిందో అడగండి

వృద్ధాశ్రమంలో ఉన్న పెద్దావిడకు తుంటి విరిగిందని తెలిస్తే మన ఇళ్ళల్లో వినపడేవి రెండే మాటలు. "వయసు మీద పడ్డది, బొక్కలు గుల్లబారినయి, ఏం చేస్తం" అనేది ఒకటి. "ఆ హోమోళ్ళే ఏదో చేసి ఉంటరు" అనేది రెండోది. మొదటి మాట అన్నవాళ్ళు ఆస్పత్రి బిల్లు కట్టి ఊరుకుంటారు. రెండో మాట అన్నవాళ్ళు హోం గేటు దగ్గర ఒక పూట లొల్లి చేసి, ఆ తర్వాత వాళ్ళూ ఊరుకుంటారు. అసలు అడగాల్సింది మాత్రం ఎవరూ అడగరు. ఎముక ఎప్పుడు విరిగింది, డాక్టర్ ఎప్పుడు చూశాడు, మధ్యలో ఎన్ని గంటలు పోయాయి, ఆ గంటల్లో ఈ సంగతి ఎవరికి తెలుసు, తెలిసి ఏం చేశారు?

ఎలా విరిగింది అన్నదాని మీద ఎంతైనా వాదించుకోవచ్చు, ఎందుకంటే చూసినవాళ్ళు ఉండరు, పడ్డ మనిషి చెప్పలేదు. ఎప్పుడు బయటపడింది అన్నదాని మీద మాత్రం అంత వాదన ఉండదు. ఎనభై ఏళ్ళ మనిషి ఎముక ఊరికే విరగవచ్చు, ఒప్పుకుంటాను. విరిగిన ఎముకతో ఆ మనిషి రెండు రోజులు మంచం మీద పడి ఉండటానికి మాత్రం వయసు కారణం కాదు.

ముందు హోంల తరఫున చెప్పాల్సింది చెప్పేస్తాను, లేకపోతే ఈ వ్యాసం కింద ఎవరో ఒక యజమాని వచ్చి అదే చెబుతాడు. ముట్లు ఆగిన తర్వాత ఆడవాళ్ళ ఎముకల్లో సాంద్రత వేగంగా తగ్గుతుంది. మగవాళ్ళకూ తగ్గుతుంది, కాస్త ఆలస్యంగా. ఎండ తగలని ఒళ్ళు, పళ్ళు లేక మెత్తని అన్నం పెరుగుతో సరిపెట్టుకునే తిండి, ఏళ్ళ తరబడి వాడిన స్టెరాయిడ్ గోళీలు, ఇవన్నీ తోడైతే నిలుచున్న ఎత్తు నుంచి పడినా చాలు, తుంటో మణికట్టో విరుగుతుంది. ఏళ్ళుగా మంచానికే పరిమితమైన మనిషిని పక్కకు తిప్పుతుంటేనే తొడ ఎముక విరిగిన సందర్భాలు ఉంటాయి. ఏ తప్పూ లేని మంచి హోంలో కూడా మనుషులు పడతారు. ఇంట్లో కొడుకు కోడలు కళ్ళ ముందు కూడా పడతారు. నిజానికి "మా దగ్గర ఇప్పటివరకు ఒక్కరు కూడా పడలేదు మేడం" అని గొప్పగా చెప్పుకునే హోం అంటేనే నాకు ఎక్కువ అనుమానం. నడవగలిగిన ముసలివాళ్ళు ఉన్నచోట ఎవరూ పడటం లేదంటే, వాళ్ళను లేవనివ్వడం లేదని అర్థం. మంచానికి చీర ముక్కతో కట్టేసైనా ఉండాలి, నిద్ర గోళీ వేసైనా ఉండాలి.

కాబట్టి విరగడం ఒక్కటే సాక్ష్యం కాదు. సాక్ష్యం ఆ తర్వాత మొదలవుతుంది.

తుంటి విరిగితే సాధారణంగా ఆ కాలు రెండోదానికన్నా పొట్టిగా కనపడుతుంది, పాదం బయటి వైపుకు తిరిగిపోతుంది. ఇది చూడటానికి డాక్టరే అక్కర్లేదు, దుప్పటి తీసి రెండు కాళ్ళూ పక్కపక్కన చూస్తే చాలు. కొన్నిసార్లు విరిగిన ముక్కలు ఒకదాంట్లో ఒకటి దిగబడి ఉంటాయి, అప్పుడు కాలు మామూలుగానే ఉండి మనిషి కుంటుకుంటూ నడుస్తుంది కూడా. మతిమరుపు ముదిరినవాళ్ళు నొప్పి ఎక్కడో చెప్పలేరు. డైపర్ మార్చేటప్పుడు కేక వేస్తారు, అన్నం వద్దంటారు, దగ్గరికి వచ్చిన ఆయమ్మను తోసేస్తారు. అప్పుడు హోంలో వాళ్ళు అనేమాట "ఇవ్వాళ మొండికేసింది" అని.

ఇక ఆలస్యం ఏం చేస్తుందో చూడండి. తొడ ఎముక మెడ దగ్గర విరిగితే పైనున్న గుండ్రటి భాగానికి రక్తం అందే దారి తెగిపోయే ప్రమాదం ఉంది. అందుకే ఆ ఎముక కట్టు కట్టి పడుకోబెడితే అతుక్కోవడం కష్టం. ఇక్కడ ప్రతి మండల కేంద్రంలోనూ పుత్తూరు కట్టు అని బోర్డులు కనపడతాయి, చెయ్యి విరిగిన పిల్లాడి సంగతేమో కానీ, ముసలి తుంటిని ఆకుపసరు కట్టుతో నమ్ముకోవడమంటే మనిషిని శాశ్వతంగా మంచం పట్టించడమే. మంచం పడితే పుండ్లు, నిమ్ము, కాళ్ళ రక్తనాళాల్లో గడ్డలు వరసగా వస్తాయి. తుంటి విరిగిన ముసలివాళ్ళలో సుమారు 20 నుంచి 30 శాతం మంది ఏడాది తిరిగేలోపు చనిపోతారని వైద్యులు చెప్పే లెక్క. బతికినవాళ్ళలో చాలామంది మునుపటిలా నడవలేరు. అందుకే వీలైతే 48 గంటల్లోపు ఆపరేషన్ చేయాలంటారు. ఇంగ్లండ్‌లో ఆస్పత్రులకు 36 గంటల గడువు పెట్టి, అదీ మరికొన్ని ప్రమాణాలూ పాటించినచోట అదనపు డబ్బు ఇచ్చే పద్ధతి తెచ్చారు. తుంటి విరిగిన కేసులను లెక్కపెట్టడానికే 2007 నుంచి అక్కడ ఒక జాతీయ రిజిస్టర్ నడుస్తోంది.

ఇప్పుడు మా పెద్దమ్మ సంగతి. ఆమెది జమ్మికుంట. పెదనాన్న పోయాక కొన్నాళ్ళు ఒక్కతే ఉంది, గ్యాస్ ఆపడం మర్చిపోతోందని, బజారుకు పోయి ఇంటి దారి తెలియక నిలబడుతోందని తెలిసిన తర్వాత అన్నలిద్దరూ కలిసి హనుమకొండ శివారులో ఒక హోంలో చేర్పించారు. పెద్దన్న డాలస్‌లో, చిన్నన్న బెంగళూరులో. నెలకు పద్దెనిమిది వేలు, మందులు వేరే. నేను ఊళ్ళోనే ఉంటాను కాబట్టి వెళ్ళి చూసివచ్చే పని నాది. ఆదివారం ఆదివారం వాట్సాప్‌లో ఫొటోలు వచ్చేవి, బతుకమ్మకు కొత్త చీర కట్టించి కుర్చీలో కూర్చోబెట్టిన ఫొటో అయితే చుట్టాలందరూ స్టేటస్ పెట్టుకున్నారు.

ఒక సోమవారం పెద్దన్న ఫోన్ చేశాడు. "అమ్మ పొద్దున బాత్‌రూంల జారి పడ్డదట, జెర పోయి చూడు చెల్లె" అన్నాడు. హోం వాళ్ళు నాకు చెప్పలేదు, డాలస్‌కు చెప్పారు. హోం నుంచి మా కారులోనే వెనక సీట్లో పడుకోబెట్టి ఎముకల ఆస్పత్రికి తీసుకుపోయాం. ఎక్స్‌రే తీయకముందే డాక్టర్ తుంటి పక్కన కమిలిన చోటు చూసి, నీలం అంచుల్లో పచ్చబడిన రంగు వేలితో చూపించి, "ఇది ఇవ్వాళ పొద్దున పడ్డది కాదమ్మా" అన్నాడు. తొడకు క్రేప్ బ్యాండేజీ చుట్టి ఉంది. పొద్దున పడితే, పడ్డ వెంటనే మాకు చెబితే, ఆ బ్యాండేజీ మురికి పట్టడానికి ఎప్పుడు టైం దొరికింది?

సంగతి చెప్పింది హోంలోని ఆయమ్మే, మర్నాడు పెద్దమ్మ బట్టలు తెచ్చుకోవడానికి వెళ్ళినప్పుడు గేటు బయట. శనివారం రాత్రే పడ్డది. ఆయమ్మ అప్పుడే యజమానికి ఫోన్ చేసింది. ఆదివారం స్కానింగులు బంద్ ఉంటయి, నొప్పి గోళీ వేసి పండబెట్టు, సోమవారం చూద్దామన్నాడట. ఆదివారం ఫొటో మాకు రాలేదు. ఎందుకు రాలేదని మేము ఎవరమూ అడగలేదు, ఒక్క ఫొటో రాకపోతే ఎవరు పట్టించుకుంటారు.

ఆయమ్మ పేరు నేను ఎక్కడా చెప్పలేదు, చెప్పను. ఆమెది ధర్మసాగర్ వైపు ఒక ఊరు, పన్నెండు గంటల డ్యూటీకి నెలకు తొమ్మిది వేలు. రాత్రిపూట ఇరవై మందికి ఆమె ఒక్కతే. ఇలాంటి సంఘటన బయటపడినప్పుడల్లా పేపర్లో "ఆయాల నిర్లక్ష్యం" అని వస్తుంది, యజమాని ఆమెను పనిలోంచి తీసేసి చేతులు దులుపుకుంటాడు. అరవై కిలోల మనిషిని ఒక్కతే చంకల కింద చేతులు పెట్టి లేపితే భుజం జారుతుంది, ఆ మనిషిదైనా ఆయమ్మదైనా. ఇద్దరు కలిసి లేపాలని, నడుముకు బెల్టు కట్టి పట్టుకోవాలని ఎవరూ ఆమెకు నేర్పలేదు. నేర్పినా, రెండో మనిషి ఏది? ఒకరు బాత్‌రూంకు లేస్తే ఆమె వెంట పోవాలి, అదే సమయంలో ఇంకో గదిలో ఇంకొకరు లేస్తారు. షుగర్ ఉన్నవాళ్ళు రాత్రికి మూడుసార్లు లేస్తారు. ఇందులో నిర్లక్ష్యం ఉంది, నిజమే, అయితే అది జీతాల లెక్క వేసిన రోజే జరిగిపోయింది.

రాత్రి అంటే గుర్తొచ్చింది, పెద్దమ్మ మందుల కవరులో ఆల్ప్రాజోలం అనే మత్తు గోళీ కనపడింది. ఆమెను చూసే డాక్టర్ రాసింది కాదు. "రాత్రి నిద్రపోకుండ లొల్లి చేస్తది మేడం, పక్కోళ్ళకు డిస్టర్బెన్స్" అన్నారు. నిద్ర గోళీ వేసిన ముసలి మనిషికి మూత్రం రాకుండా ఆగదు కదా. మత్తులోనే లేస్తుంది, బీపీ గోళీ ప్రభావానికి లేచి నిలబడగానే కళ్ళు తిరుగుతాయి, కాలి కింద నున్నటి టైల్స్, పైన పొడుగాటి నైటీ, అరిగిపోయిన హవాయి చెప్పులు, బాత్‌రూంలో పట్టుకోవడానికి ఒక కడ్డీ కూడా లేదు, గడప మాత్రం రెండంగుళాల ఎత్తు. ఇన్ని పెట్టి "జారి పడ్డది" అంటే వ్యాకరణం ప్రకారం కర్త పెద్దమ్మే అవుతుంది. కారిడార్లో సీసీ కెమెరా ఉంది, దాన్ని చేర్పించేటప్పుడు మాకు గొప్పగా చూపించారు. శనివారం ఫుటేజీ అడిగితే హార్డ్ డిస్క్ నిండిపోయిందన్నారు.

అన్నీ ఇలా పడటం వల్లే విరిగినవి కావు, అది కూడా చెప్పాలి. పై చెయ్యి ఎముక మెలితిరిగినట్టు విరిగితే, ఎవరైనా చెయ్యి పట్టి గట్టిగా తిప్పారా అని అడగాలి. రెండు జబ్బల మీదా వేళ్ళ ముద్రల్లాంటి కమిలిన గుర్తులు, పక్కటెముకల్లో కొన్ని పాతవి కొన్ని కొత్తవి విరిగి ఉండటం, మంచం దిగలేని మనిషికి "బాత్‌రూంలో పడ్డది" అని కథ చెప్పడం, ఇవన్నీ డాక్టర్లు ఆగి చూడాల్సినవి. మన ఊళ్ళల్లో చంటిపిల్లలకు ఇలాంటి గాయమైతే డాక్టర్ ఒకటికి రెండుసార్లు అడుగుతాడు. ముసలివాళ్ళ విషయంలో తీసుకొచ్చినవాళ్ళు ఏం చెబితే అదే కేస్ షీట్‌లో ఎక్కుతుంది, మెడికో లీగల్ కేసుగా రాయమంటే "ఎందుకమ్మా పోలీసులు, కోర్టులు, మీకే ఇబ్బంది" అని సలహా వస్తుంది. ఎంజీఎం లాంటి పెద్దాస్పత్రి క్యాజువాలిటీలో ఉండే రద్దీకి ఒక్కో మనిషి దగ్గర ఎంతసేపు ఆగగలరు అన్నదీ నిజమే. కనీసం ఈ పేషెంట్ ఇంటి నుంచి వచ్చిందా, హోం నుంచి వచ్చిందా అని ఒక గడి పెట్టి రాస్తే, ఏ హోం నుంచి ఏడాదికి ఎన్ని తుంట్లు వస్తున్నాయో జిల్లా అధికారులకు తెలిసేది.

చట్టం ఏమంటుంది? తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. పిల్లలు చూడకపోతే ఆర్డీవో ట్రిబ్యునల్‌కు వెళ్ళవచ్చు, వదిలేసి పోతే మూడు నెలల వరకు జైలు అని రాశారు. జిల్లాకు కనీసం ఒకటి చొప్పున, 150 మంది నిరుపేద వృద్ధులకు సరిపడే ఆశ్రమాలు ప్రభుత్వాలు పెట్టవచ్చన్నారు. డబ్బు తీసుకుని నడిపే ప్రైవేటు హోంలో రాత్రికి ఎంతమంది సిబ్బంది ఉండాలి, ఎవరైనా పడితే ఎన్ని గంటల్లో ఆస్పత్రికి తీసుకుపోవాలి అన్నవి అందులో ఎక్కడా లేవు. హోంలకు రిజిస్ట్రేషన్, కనీస ప్రమాణాలు ఉండాలంటూ 2019లో లోక్‌సభలో సవరణ బిల్లు పెట్టారు, అది చట్టం కాలేదు.

అయినా చేతిలో ఏమీ లేదనుకోవద్దు. భారతీయ న్యాయ సంహిత 116వ సెక్షన్ ప్రకారం ఎముక విరగడం తీవ్రమైన గాయం కిందికే వస్తుంది. నిర్లక్ష్యంతో తీవ్ర గాయం కలిగిస్తే 125వ సెక్షన్ ఉంది, మూడేళ్ళ వరకు శిక్ష. ఎవరికీ పెద్దగా తెలియని 357 ఇంకోటి: జబ్బు వల్లో బలహీనత వల్లో తన పని తాను చేసుకోలేని మనిషిని చూసుకుంటానని ఒప్పందం చేసుకుని, కావాలని చూడకుండా వదిలేస్తే నేరం. శిక్ష చిన్నదే, మూడు నెలలు లేదా ఐదు వేల జరిమానా, లేదా రెండూ. కానీ నెలనెలా డబ్బు తీసుకుని రశీదు ఇచ్చిన యజమానికి ఈ సెక్షన్ చదివి వినిపిస్తే గొంతు మారుతుంది, నేను చూశాను. డబ్బు కట్టి తీసుకున్న సేవ కాబట్టి జిల్లా వినియోగదారుల కమిషన్‌కూ వెళ్ళవచ్చు, కట్టిన మొత్తం ఐదు లక్షల లోపు అయితే ఫీజు లేదు. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 ఉంది.

అమెరికాలో నర్సింగ్ హోంల నియమాల్లో ఒక మంచి సంగతి ఉంది. గాయం ఎలా అయిందో ఎవరూ చూడకపోయి, ఆ మనిషి చెప్పలేకపోయి, గాయం చూస్తే అనుమానంగా ఉంటే, దాన్ని "ఏమో తెలియదు" అని వదిలేయడానికి లేదు. గాయం తీవ్రమైనదైతే రెండు గంటల్లోపు రాష్ట్ర అధికారులకు చెప్పాలి, ఐదు పనిదినాల్లో విచారణ నివేదిక ఇవ్వాలి. తెలియకపోవడమే అక్కడ విచారణకు కారణం. అంతా సక్రమంగా ఉందని కాదు. పడి, పెద్ద గాయమై, ఆస్పత్రిపాలైన ఘటనల్లో 43 శాతాన్ని హోంలు తమ రికార్డుల్లో చూపలేదని అక్కడి ప్రభుత్వ తనిఖీ విభాగమే 2025 సెప్టెంబరులో బయటపెట్టింది. అంటే ఆస్పత్రి బిల్లులను, హోం రికార్డులను పక్కపక్కన పెట్టి పట్టుకున్నారు. మా పెద్దన్న ఉండే దేశంలో దాచితే పట్టుకోవడానికి రెండు కాగితాలు ఉన్నాయి. మా పెద్దమ్మ ఉన్న చోట మొదటి కాగితమే లేదు.

ఇందులో పిల్లల పాత్ర గురించి రాస్తే చుట్టాల్లో కొందరికి కోపం వస్తుంది, రానీ. జగిత్యాల, కరీంనగర్, సిరిసిల్ల వైపు కొడుకులు దుబాయిలో, మస్కట్‌లో ఉంటారు, వాళ్ళకు సెలవు దొరకదు. హనుమకొండ ఇళ్ళల్లో అయితే అమెరికా, వీసా టెన్షన్. రాలేకపోవడం తప్పని నేను అనను. "జారి పడ్డది" అనగానే నమ్మేయడం మాత్రం మనకు కూడా సౌకర్యమే. నమ్మకపోతే ఇంకో హోం వెతకాలి, లేదా తీసుకొచ్చి ఇంట్లో పెట్టుకోవాలి. హోం యజమానికి ఈ సంగతి మనకన్నా బాగా తెలుసు. పైగా ఆస్పత్రిలో మనమే అంటాం, ఈ వయసులో ఆపరేషన్ ఎందుకు, ఆమెను కష్టపెట్టడం ఎందుకు అని. ఆపరేషన్ లేకపోతే ప్రతిసారీ పక్కకు తిప్పినప్పుడు విరిగిన ముక్కలు కదులుతాయి, అది ఎంత కష్టమో ఒక్కరోజు పక్కన కూర్చుంటే తెలుస్తుంది. గుండె ఏ మాత్రం తట్టుకోలేదని డాక్టర్ చెబితే అది వేరే మాట. డబ్బు గురించైతే ఆరోగ్యశ్రీ కార్డు వర్తిస్తుందేమో ముందు అడగండి. పెద్దమ్మకు ఆపరేషన్ చేయించాం. వాకర్ పట్టుకుని బాత్‌రూం వరకు నడుస్తుంది ఇప్పుడు, అంతకుమించి నడవదు.

హోం వాళ్ళ నుంచి నేను కోరేది ఒక లాంగ్ నోట్‌బుక్. పడినవాళ్ళ పేరు, టైం, ఎవరు చూశారు, ఎవరికి ఫోన్ చేశారు, డాక్టర్ ఎప్పుడు చూశాడు, ఎక్స్‌రే ఎప్పుడు తీశారు. గాయం కాకపోయినా రాయాలి, ఎందుకంటే ఈ వారం ఉత్తినే పడ్డ మనిషి వచ్చే వారం తుంటి విరగ్గొట్టుకోవచ్చు. చేర్పించడానికి వెళ్ళినప్పుడు తులసి కోట, టీవీ హాలు, భజన టైం చూపిస్తారు, చూడండి, ఆ తర్వాత ఈ పుస్తకం అడగండి. రాత్రి ఎంతమంది ఉంటారో పగలు అడిగితే లాభం లేదు, రాత్రి తొమ్మిది తర్వాత ఒకసారి చెప్పకుండా వెళ్ళండి.

"ఇన్ని రూల్స్ పెడితే నడపలేం, మూసేసుకుంటాం, అప్పుడు ఎక్కడ పెడతారో పెట్టుకోండి మీ ముసలోళ్ళను" అని ఆ యజమాని నాతో అన్నాడు. ఇద్దరు రాత్రి ఆయాలను పెడితే ఖర్చు పెరుగుతుంది, అది అబద్ధం కాదు, ఫీజు పెంచితే నేను ఒప్పుకుంటాను. కానీ శనివారం రాత్రి మాకు ఫోన్ చేయడానికి అతనికి ఏం ఖర్చయ్యేది? మాకు చెప్పి ఉంటే అరగంటలో అక్కడ ఉండేవాళ్ళం.

ఇప్పుడు పెద్దమ్మ ఉన్నచోటు కాజీపేట వైపు, పాత ఇల్లు, గోడలకు రంగు కూడా సరిగ్గా లేదు. పుస్తకం రాస్తారు. మొన్న ఒకరోజు రాత్రి ఎనిమిదింటికి నాకు ఫోన్ వచ్చింది, మంచం అంచుకు చెయ్యి తగిలి మణికట్టు వాచింది, మేము ఎక్స్‌రేకు తీసుకుపోతున్నాం, మీరు అక్కడికే రండి అని. అన్నలిద్దరికీ కూడా అదే సమయంలో ఫోన్ చేశారు. ఎముక విరగలేదు, బెణికింది. ఇంత చిన్నదానికి పని మధ్యలో ఫోన్ ఎందుకని పెద్దన్న కొంచెం చిరాకు పడ్డాడు, మీటింగ్‌లో ఉన్నాడట.